స్త్రీపురుషుల సంఖ్యలు సీమసీమకు వేఱుగా నుండుటేల?

"సేద్యము చేయు చిన్నవానికి పిల్లనిచ్చువారు లేరు" అను మాట యిటీవల మన సంఘ సభ్యుల నోట తఱచుగా వినవచ్చుచున్నది. ఉప్పల్, నాచారము పరిసరములలో మిగిలిన కొద్దిపాటి రైతుల యిండ్లయందును, మూసీ వెంబడి దిగువనున్న యూళ్లయందును ముప్పదియేండ్లు దాటియు పెండ్లికాని చిన్నవారు కనబడుచున్నారు. ఆడుపిల్లలు చదువుకొని పట్నపు కొలువులవారిని కోరుటయే దీనికి కారణమని కొందఱందురు. దేశములో ఆడుపిల్లలే తక్కువైరని మఱికొందఱందురు. ఇంకను కొందఱు పత్రికలలో చూచిన సంఖ్యలను బట్టి "తెలంగాణమున స్త్రీలే యెక్కువ" యని వాదింతురు. మూడు మాటలలోను కొంత నిజము గలదు. ఆ నిజమెంతయో తెలియవలెనన్న, స్త్రీపురుషుల సంఖ్యలు ఒక్కొక్క సీమలో ఒక్కొక్క తీరుగా నుండుటకు గల కారణములను వేఱువేఱుగా చూడవలసియున్నది.

లెక్కపద్ధతి కష్టమైనది కాదు. వేయిమంది పురుషులకు స్త్రీలెందఱో చెప్పుట మన జనాభా లెక్కలలోని ఆచారము. 2011వ సంవత్సరపు లెక్కలలో భారతదేశమున నీ సంఖ్య 943. కేరళమున 1084, హర్యానాలో 879, ఢిల్లీలో 868. తెలంగాణమున 988. తెలంగాణములోనైనను అంతట నొక్కటిగా లేదు. నాటి పది జిల్లాలలో నిజామాబాదున 1040, ఖమ్మమున 1011, కరీంనగరమున 1008 ఉండగా, నల్లగొండలో 983, మహబూబునగరమున 977, రంగారెడ్డిలో 961, హైదరాబాదున 954 మాత్రమే యుండెను. ఉప్పల్ పురపాలకము 2007 ఏప్రిల్ నెలలో మహానగర పాలకసంస్థలో కలిసినను, ఆ లెక్కలనాటికి మన ప్రాంతము రంగారెడ్డి జిల్లాలోనిదే. 2016 అక్టోబరులో మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలో చేరినది. కావున మనము ఆ తక్కువ సంఖ్యల కోవలోనివారమే.

ఈ సంఖ్యలను చూచినవారు నిజామాబాదువారు ఆడుపిల్లలను ఆదరించువారనియు, హైదరాబాదువారు ఆదరింపనివారనియు తలపవచ్చును. అది తొందరపాటు. ఒక లెక్క వేసి చూపెదము.

ఒక యూరిలో 500 మంది పురుషులు, 480 మంది స్త్రీలు ఉన్నారనుకొనుడు. వేయికి 960 అన్నమాట. ఆ యూరిలో కఱవు వచ్చి 40 మంది మగవారు పొట్టకూటికై వెళ్లిపోయిరి. ఇప్పుడు 460 మంది పురుషులకు 480 మంది స్త్రీలు, వేయికి 1043. ఆ 40 మందియు నాచారపు కార్ఖానాల ప్రక్కనున్న యొక పేటకు వచ్చి గదులలో దిగిరి. ఆ పేటలో అంతకుముందు 500 మంది పురుషులు, 490 మంది స్త్రీలు, అనగా వేయికి 980 ఉండిరి. వీరు రాగానే అది 907కు పడిపోయినది. ఈ మాఱుపాటులో ఎక్కడను ఒక్క ఆడుబిడ్డ అదనముగా పుట్టలేదు, ఒక్కతెయు చావలేదు. నలువదిమంది బస్సెక్కి దిగిరి, అంతే.

నిజామాబాదు, కరీంనగరము జిల్లాల యెక్కువ సంఖ్యకు ముఖ్యకారణమిదియే. "బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి" అని తెలంగాణమున నొక వాడుక కలదు. చెఱువులు నిండక, బోరుబావులు ఎండి, అప్పులు పెరిగినపుడు ఉత్తర తెలంగాణపు మగవాడు పట్టిన మూడు త్రోవలవి. నేతపని తెలిసినవాడు బొంబాయికిని భివండికిని పోయెను. గనిపని దొరికినవాడు సింగరేణికి పోయెను. అప్పుచేసి వీసా సంపాదించినవాడు దుబాయికి, మస్కటుకు పోయెను. ఇంటివద్ద భార్య పొలము చూచుకొనుచు, తీరిక దొరికినపుడు బీడీలు చుట్టుచు సంసారము నడపెను. లెక్కలు వ్రాయువారు వచ్చినపుడు ఆ యింట ఆమెయే కనబడెను, విదేశమందున్నవాడు పట్టికకెక్కలేదు. కతారు వంటి గల్ఫు దేశములలో నూటికి డెబ్బదిమందికి పైగా పురుషులే యుండుట యీ కథకు రెండవ కొస. మన యూళ్లలో లేని మగవారు అక్కడి లెక్కలలో నున్నారు.

పాలమూరు సంగతి వేఱు. వలసకు పేరుపడిన జిల్లా యదియే, కాని సంఖ్య 977 దాటలేదు. మట్టిపనికి, ప్రాజెక్టుల పనికి పోవు పాలమూరు కూలీలు ఆలుమగలు కూడియే బయలుదేరుదురు. పలుగు ఒకరిది, తట్ట మఱియొకరిది. జంటగా పోయినపుడు ఊరిలో జనము తఱుగునే కాని నిష్పత్తి యంతగా చెదరదు. కావున వలస యున్నదనుట చాలదు, ఎవరు వలసపోవుచున్నారని కూడ అడుగవలెను.

ఇక మన ఉప్పల్, నాచారములను చూతము. నల్లచెఱువు క్రింద నాట్లు వేసిన నేలలును, మూసీ యొడ్డున పశువుల గడ్డి పెంచిన నేలలును ఒకప్పుడు ఈ యూళ్లకు ఆధారము. పారిశ్రామికవాడలు వెలసిన పిమ్మట పనిమనుషులు దూరపు జిల్లాలనుండియు, తరువాత ఒడిశా, బీహారు మొదలగు రాష్ట్రములనుండియు వచ్చిరి. వచ్చినవారిలో పెక్కురు ఒంటరి మగవారు. కార్ఖానా ప్రక్కవీధిలో నాలుగు గదులకు పదునాఱుమంది పురుషులుందురు. రెండు ఫర్లాంగుల దూరమున పాత యూరి నడుమ ఆలుబిడ్డలతో కూడిన యిండ్లలో ఇరుపక్షములును సమానముగా నుండును. హబ్సిగూడ వైపు పోయిన కొలువులుచేయు ఆడుపిల్లల వసతిగృహములు కనబడును. ఒక్క ఉప్పల్ దారిలోనే మూడు నిష్పత్తులు. వీనినన్నిటిని కలిపి ఒక సంఖ్యగా చెప్పినపుడు ఆ సంఖ్య యెవరిని గూర్చియు సరిగా చెప్పదు.

కావున పెద్దల సంఖ్యలు జనుల రాకపోకలను చెప్పును. ఒక సీమ ఆడుబిడ్డ నెట్లు చూచుచున్నదో తెలియవలెనన్న పసిపిల్లలను లెక్కింపవలెను. ఆఱేండ్లలోపు బిడ్డ ఒంటరిగా దుబాయికి పోదు, కార్ఖానాకు రాదు. తల్లి యొడిలోనే యుండును. ఆ లెక్క యిది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున మొత్తము జనములో వేయిమంది పురుషులకు స్త్రీలు 1991లో 972, 2001లో 978, 2011లో 993. నానాట పెరుగుచున్నది. అదే రాష్ట్రమున ఆఱేండ్లలోపు పిల్లలలో వేయిమంది మగపిల్లలకు ఆడుపిల్లలు 1991లో 975, 2001లో 961, 2011లో 939. నానాట తఱుగుచున్నది. తెలంగాణమును విడదీసి చూచిన 2011లో 932. పై వరుసను మాత్రమే చదివినవారు సంతోషింతురు. క్రింది వరుసను చదివినవారికి నిద్ర పట్టరాదు.

పై వరుస పెరుగుటకు మంచి కారణములే కలవు. 1901లో నైజాము రాజ్యమున 56,73,629 మంది పురుషులకు 54,67,513 మంది స్త్రీలుండిరి; వేయికి 964. ఆ కాలమున పురిటిలో చనిపోవు తల్లులెందఱో మన ముత్తవ్వలను అడిగిన చెప్పియుందురు. 2018-20 నాటికి తెలంగాణమున లక్ష కాన్పులకు తల్లుల మరణములు 43కు తగ్గినవి. కాన్పుగండము గడచిన స్త్రీ పురుషునికంటె ఎక్కువయే బ్రదుకును. ముసలితనమున అవ్వలు ఎక్కువ, తాతలు తక్కువ. అందుచే మొత్తపు సంఖ్య పైకిపోయినది. అవ్వలు పెరుగుట చాటున మనుమరాండ్రు తఱుగుట మఱుగుపడినది.

"మగపిల్లలు కొంచెమెక్కువగా పుట్టుట దైవనిర్ణయము కాదా?" యని ఎవరైన అడుగవచ్చును. కొంతవఱకు నిజమే. ఎవరును చేయిపెట్టని చోట నూఱుగురు ఆడుపిల్లలకు సుమారు నూట అయిదుగురు మగపిల్లలు పుట్టుదురు. మన లెక్కలో చెప్పిన వేయికి 950 ప్రాంతము. పిదప పసితనమున మగబిడ్డలే జబ్బులకు ఎక్కువ లోనగుదురు గాన, ఈడు పెరిగినకొలది సంఖ్యలు సరిపడుచు వచ్చును. 1991 నాటి 975లో మగశిశువుల మరణముల పాలు కూడ కొంత యుండవచ్చును. 2001 నాటి 961 ప్రకృతికి దూరము కాదు. 939, 932 అను సంఖ్యలు మాత్రము ప్రకృతిచే కలుగునవి కావు. పుట్టుకకు ముందో వెనుకనో మనుష్యుని చేయి తగిలినదని యవి చెప్పుచున్నవి.

ఇక్కడనే మన యిండ్లలో వినబడు నొక నిందను గూర్చి చెప్పవలెను. వరుసగా ఆడుపిల్లలు పుట్టినచో కోడలిని దూషించు అత్తలును, మఱియొక పెండ్లికి సిద్ధపడు మగవారును ఇప్పటికిని లేకపోలేదు. తల్లి యండములన్నియు ఒకే తీరువి. తండ్రి వీర్యములో రెండు తెగల కణములు కలవు. ఒక తెగ కలిసిన ఆడుబిడ్డ, రెండవ తెగ కలిసిన మగబిడ్డ. నిర్ణయము తండ్రి వైపునుండియే జరుగును, అదియు అతని యిష్టముతో పనిలేకయే. ఆవులు, గేదెలయందు నిట్లే. కోళ్లయందు, పాములయందు మాత్రము తలక్రిందు: అక్కడ పెట్ట యండములే రెండు తెగలు. మన ఉప్పల్ దారిలోని సి.సి.ఎం.బి. పరిశోధనాలయమునకు 1998 మొదలు 2009 వఱకు అధిపతిగానున్న లాల్జీ సింగ్ గారు ఒక జాతి కట్లపాము ఆడుదానియందు లింగభేదముతో కూడియుండు జీవద్రవ్యపు భాగమును గూర్చి చేసిన పరిశోధన లోకప్రసిద్ధము. ఆ పరిశోధనాలయపు గోడల నానుకొని పోవు మనకు కోడిపెట్టకు చెల్లవలసిన నింద కోడలికి చెల్లదని తెలియకుండుట వింత. మఱియొక వింత: కొట్టములో పెయ్యదూడ పుట్టిన పండుగ, దున్నదూడ పుట్టిన విచారము, గడప దాటి యింటిలోనికి వచ్చిన విచారణ మాఱిపోవును.

ఉత్తరదేశమునకును మనకును గల భేదము పాతది. దీనిని విచారించిన పండితులలో ప్రణవ్ బర్ధన్ గారు 1974లో చెప్పిన మాట రైతులకు సులభముగా తెలియును. వరిపండు సీమలలో నారు తీయుట, నాటుట, కలుపు తీయుట స్త్రీలు లేనిదే సాగవు. గోధుమ సీమలలో చల్లిన పైరునకు స్త్రీల చేయి అంతగా అవసరము లేదు. చేతికి విలువగల చోట ప్రాణమునకును విలువ కలిగెనని వారి యూహ. మఱికొందఱు పెండ్లిసంబంధముల తీరును కారణముగా చెప్పిరి. ఉత్తరమున ఎఱుగని దూరపు ఊరికి పిల్లను పంపి మఱచిపోవుదురు. మన వైపు మేనరికములును, ప్రక్కయూరి సంబంధములును ఎక్కువ గాన కూతురు కష్టసుఖములకు పుట్టింటికి అందుబాటులో నుండును. రెండును సబబైన మాటలే. కాని నాట్లు వేయు నల్లగొండ, వరంగల్లు సీమలు తెలంగాణములోనివే. తెలంగాణపు పసిపిల్లల సంఖ్య 932. కట్నము వేలనుండి లక్షలకు, లక్షలనుండి ఎకరాలకు పెరిగి, బిడ్డలు ఇద్దఱు చాలునని నిశ్చయించుకొని, ఆ యిద్దఱిలో ఒక కొడుకైన నుండితీరవలెనని కోరినచోట నాటుకూలి విలువ మాత్రము ఆడుబిడ్డను కాపాడజాలలేదు. పరీక్షాయంత్రము కూడ అదే కాలమున పట్నములకు వచ్చినది.

ఆ యంత్రము గర్భిణికి మేలు చేయునదే. బిడ్డ యెదుగుదలను, అవయవలోపములను తెలుపును. ఆడో మగో చెప్పుటకు దానిని వాడుటను 1994 నాటి చట్టము నిషేధించినది. ఆ చట్టము 1996 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చి, 2003లో మఱింత బిగింపబడినది. చెప్పిన వైద్యుడే కాదు, అడిగిన కుటుంబమువారును శిక్షార్హులు. అడిగినవారికి మొదటి తప్పునకు మూడేండ్లవఱకు చెఱ, ఏబదివేల రూపాయలవఱకు జరిమానా; మఱల చేసిన అయిదేండ్లవఱకు చెఱ, లక్ష రూపాయలవఱకు జరిమానా. గర్భిణి తనంతట అడుగలేదనియు, భర్తయో బంధువులో బలవంతపెట్టిరనియు చట్టము ముందుగానే భావించును. కాదని చూపవలసిన భారము వారిదే. ఈ సంగతి మన పల్లెలలో పెక్కుమందికి తెలియదు. దక్షిణకొరియా యీ చెడుగులో మనకంటె ముందుండెను. 1990లో అక్కడ నూఱుగురు ఆడుపిల్లలకు నూటపదునాఱుగురికి పైగా మగపిల్లలు పుట్టిరి. ఇరువదియేండ్లు తిరుగకముందే ఆ సంఖ్య ప్రకృతి మట్టమునకు దిగినది. చట్టమొక్కటియే దింపలేదు, కూతుళ్లు చదివి సంపాదించి తల్లిదండ్రులను చూచుకొనుటయు కారణము.

భూమి సంగతి రైతుకు ముఖ్యము గాన చెప్పుచున్నాము. నాచారమున రామకృష్ణా స్టూడియో కట్టించిన ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగానుండగా, 1986లో చేసిన చట్టము హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో పెండ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమానభాగమిచ్చినది. 2005లో దేశమంతటికి వర్తించు చట్టము పెండ్లియైన కూతుళ్లకును ఆ హక్కు నిచ్చినది. "ఆడుపిల్ల పరుల సొత్తు" అను మాటకు చట్టములో నేడు తావు లేదు. ఆచరణలో నెంత తావున్నదో మన సంఘపు సభ్యుల పట్టిక తెఱచి, అందులో స్త్రీల పేరున నున్న పట్టాలెన్నియో లెక్కించిన తెలియును.

ఇప్పుడు పెండ్లికాని చిన్నవాని సంగతికి వత్తము. నేడు ముప్పదియేండ్ల ప్రాయపువాని యీడు ఆడుపిల్లలు 2001 లెక్కలలో ఆఱేండ్లలోపువారు. వారి సంఖ్య 961, ప్రకృతికి దగ్గఱదే. కావున అతనికి పిల్ల దొరకకుండుటకు ఆడుపిల్లల కొఱత ముఖ్యకారణమని మేము తలపము. సేద్యపు రాబడిపై నమ్మకము లేక పిల్లను కన్నవారు నెలజీతగానిని వెదకుటయే ముఖ్యకారణము. దానికి తోడు మఱియొక చిక్కు కలదు. మగవాడు తనకంటె నాలుగైదేండ్లు చిన్నదానిని కోరును. ఏటేట కాన్పులు తగ్గుచు వచ్చినచోట తరువాతి యేండ్ల పిల్లలు మొదటి యేండ్ల పిల్లలకంటె తక్కువమంది. అందుచేత ఆడుబిడ్డల హత్య యేమియు లేకున్నను వధువులు కొఱతగా తోతురు. 2004 మొదలు 2011 లోపల పుట్టినవారు పెండ్లియీడునకు వచ్చునపుడు మాత్రము మూడవ చిక్కు, అనగా 932 అను సంఖ్య, పై రెంటితో కలియును. హర్యానాలో నిది యిదివఱకే జరిగినది; అక్కడి రైతులు దూరరాష్ట్రములనుండి, భాష తెలియని పిల్లలను తెచ్చుకొనుచున్నారు. అట్లు వచ్చిన పిల్లలు పడు బాధలను వేఱుగా వ్రాయవలెను.

"తెలంగాణమున స్త్రీలే యెక్కువ" యను వాదమును విడిచిపెట్టరాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో తెలంగాణపు సంఖ్య 1049 అని వచ్చినది, అది నిజమే. కాని యా పరిశీలన కొన్ని యిండ్లను ఎంచుకొని చేసినది. కార్ఖానా కొట్టములలో, వసతిగృహములలో, దేశాంతరమున నుండు పురుషులు అట్టి యిండ్లలెక్కలో చేరరు. అదే పరిశీలనలో అంతకు ముందైదేండ్లలో పుట్టిన బిడ్డల నిష్పత్తి తెలంగాణమున 894, దేశమంతటను 929. ఒకే పుస్తకములో 1049, 894 అను రెండు సంఖ్యలును ఉన్నవి. వాదించువారు మొదటిదానిని చదివి పుస్తకము మూయుచున్నారు. పరిశీలనలో చేరిన కాన్పులు కొద్ది గాన 894ను పట్టుకొని కచ్చితముగా వాదించుటయు సరికాదు. కాని దారి యెటుపోవుచున్నదో యది చూపుచున్నది.

2021లో జరుగవలసిన జనాభా లెక్కలు ఆ యేట జరుగలేదు. 2027 మార్చి 1వ తేదీని ఆధారముగా గొని లెక్కింతుమని ప్రభుత్వమువారు 2025 జూన్ నెలలో ప్రకటించిరి. ఆ పట్టికలు వెలువడినపుడు సభ్యులు మొదట మొత్తపు నిష్పత్తిని చూడక, ఆఱేండ్లలోపు పిల్లల గడిని చూడవలెనని మా మనవి. లెక్కలవారు ఇంటికి వచ్చినపుడు గదులు అద్దెకిచ్చిన సభ్యులు ఆ గదులలోని పనివారినందఱిని చెప్పింపవలెను. తొట్టెలోనున్న నెలల బిడ్డను "ఇంకను పేరు పెట్టలేదు" అని విడిచిపెట్టు అలవాటు కొన్ని యిండ్లలో నున్నది. పేరు లేకున్నను ఆ బిడ్డ, ఆడుదైనను మగదైనను, ఒక తలయే.